ఫోను బిల్లులు సరిచూడటం కూడా ఒక వృత్తేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీకామ్ కంప్యూటర్స్ పూర్తి చేసి, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో ఏడాదిగా పనిచేస్తోంది. మూసేసిన బ్రాంచి ఆఫీసులోని ఇంటర్నెట్ లైనుకు 14 నెలలుగా బిల్లు కడుతున్నారని ఈమధ్య తనే పట్టుకుంది. అప్పటి నుంచి టెలికాం బిల్లుల ఆడిట్‌లోనే స్థిరపడతానని అంటోంది. మేము ఎంబీఏ చేయమంటున్నాం. ఫోను బిల్లులు చూసుకుంటూ బతకగలదా? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అమ్మాయి పట్టుకున్నది చిన్న విషయం కాదండీ. పెద్ద సంస్థల్లో బిల్లు చెల్లించే అకౌంట్స్ వారికి ఆ లైను ఎక్కడుందో తెలియదు. లైను సంగతి తెలిసిన ఐటీ వారి బల్ల మీదికి బిల్లు రాదు. ఈ రెండింటి మధ్య ఖాళీలో డబ్బు నెలనెలా కారిపోతూ ఉంటుంది. ఆ ఖాళీలోకి తొంగిచూడాలని ఆమెకు తోచడమే నాకు ముచ్చటగా ఉంది.

ఈ పనికి టెలికాం ఎక్స్‌పెన్స్ మేనేజ్‌మెంట్ అని పేరుంది. అమెరికాలో ఇది ఎప్పటి నుంచో ఉన్న వృత్తి. ఆదా చేసిపెట్టిన సొమ్ములో వాటా తీసుకుని పనిచేసే సంస్థలూ అక్కడ ఉన్నాయి. అంతర్రాష్ట్ర సేవలకు కంపెనీ ఎక్కువగా వసూలు చేసిన సొమ్ము కోసం దావా వేయడానికి అక్కడి ఫెడరల్ చట్టం 2 ఏళ్లే గడువిస్తుంది కాబట్టి తప్పును త్వరగా పట్టేవారికి విలువ ఎక్కువ. మన దగ్గర మాత్రం ఇదే పేరుతో ప్రకటించే ఉద్యోగాలు తక్కువ. ఇంటర్నల్ ఆడిట్, కొనుగోళ్లు, ఐటీ ఫైనాన్స్ విభాగాల్లో ఈ పని కలిసిపోయి ఉంటుంది. ఈ సంగతి ఆమెకు ముందే తెలియాలి.

పనిలో లోతు లేదని మాత్రం అనుకోకండి. ఆఫీసు ఫోన్లన్నిటికీ కలిపి టెలికాం కంపెనీ ఇచ్చే పీఆర్ఐ అనే లైను ఒక్కదానిలో ఒకేసారి 30 కాల్స్ నడుస్తాయి. ఆఫీసులో రెండు పీఆర్ఐలు ఉండి, ఎంత రద్దీ వేళలోనైనా కాల్స్ 20 దాటకపోతే రెండో లైను అద్దె వృథా. 1800తో మొదలయ్యే టోల్‌ఫ్రీ నంబరుకు వచ్చే ప్రతి కాల్ ఖర్చూ సంస్థదే, కనుక ఏ ప్రచారం కోసమో తీసుకుని మరిచిపోయిన నంబర్లనూ వెతకాలి.

అన్నింటికంటే నాకు ముఖ్యంగా తోచేది జీఎస్టీ. టెలికాం సేవలపై పన్ను 18 శాతం. లీజ్డ్ లైనును, అంటే ఒక్క సంస్థ వాడకానికే అద్దెకిచ్చే లైనును, ఎక్కడ బిగిస్తే, పన్ను లెక్కకు సేవ అందిన చోటు అదే. విజయవాడ ఆఫీసులోని లైనుకు ఆంధ్రప్రదేశ్ పన్ను వేసి, బిల్లు మాత్రం తెలంగాణ జీఎస్టీ నంబరు మీద ఇచ్చారనుకోండి. ఆ పన్నును క్రెడిట్‌గా తీసుకోవడం, అంటే తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం, హైదరాబాద్ ఆఫీసుకు కుదరదు. నెలకు 50,000 రూపాయల లైనైతే నెలకు 9,000, ఏడాదికి 1,08,000 రూపాయలు నష్టం. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30, లేదా వార్షిక రిటర్ను వేసిన రోజు, ఏది ముందైతే ఆ తేదీ దాటాక దిద్దుకోవడానికి దారి ఉండదు. అకౌంట్స్ తెలిసిన మనిషి నెట్‌వర్క్ కూడా నేర్చుకుంటే ఎంత పనికొస్తుందో చూడండి.

అందుకే ఎంబీఏ కన్నా సీఎంఏ (కాస్ట్ అండ్ మేనేజ్‌మెంట్ అకౌంటెన్సీ) కోర్సు చేయించమంటాను. బీకామ్ చదివింది కనుక నేరుగా ఆ కోర్సులోని ఇంటర్మీడియెట్ దశలో చేరవచ్చు, ఉద్యోగం మానక్కర్లేదు. ఖర్చును విడదీసి చూసే చదువు అది. దానితోపాటు లీజ్డ్ లైను, ఎంపీఎల్ఎస్ (బ్రాంచీలను కలిపే నెట్‌వర్క్), సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ పద్ధతిలో ఫోను కాల్స్ నడిపే లైను) అంటే ఏమిటో ఐటీ విభాగంలో ఎవరి దగ్గరైనా కూర్చుని తెలుసుకోవాలి. ఆడిట్ వైపే ఉండదలిస్తే తరువాత కంప్యూటర్ వ్యవస్థల ఆడిట్‌కు సంబంధించిన సీఐఎస్ఏ పరీక్ష రాయవచ్చు. పరీక్ష ముందుగా రాసినా సర్టిఫికెట్‌కు 5 ఏళ్ల అనుభవం అడుగుతారు, చదువును బట్టి అందులో కొంత మినహాయింపు ఉంటుంది. ఒక్క ఫోను బిల్లుల దగ్గరే ఆగిపోవద్దని కూడా చెప్పండి. క్లౌడ్ బిల్లులనూ, సాఫ్ట్‌వేర్ లైసెన్సులనూ ఇదే కంటితో చూడాలి.

ఇప్పుడున్న ఉద్యోగంలోనే ఆమె చేయవలసిన పని ఒకటుంది. సంస్థలోని ప్రతి లైనుకూ సర్క్యూట్ నంబరు (లైనుకు కంపెనీ ఇచ్చే గుర్తింపు సంఖ్య), చిరునామా, ఒప్పందం ముగిసే తేదీ, నెల అద్దె, వాడుతున్న విభాగం రాసి ఒక జాబితా తయారు చేయాలి. ఎవరూ మాది అనని లైన్లు అక్కడే బయటపడతాయి.

ఇక ఆ 14 నెలల సంగతి. లైను రద్దు చేయమని సంస్థ అప్పట్లో రాతపూర్వకంగా కోరిందా? కోరి ఉంటే ఆ ఉత్తరమో మెయిలో చూపి క్రెడిట్ నోట్, అంటే ఎక్కువ వేసిన బిల్లు సొమ్మును తగ్గిస్తూ ఇచ్చే పత్రం, అడగవచ్చు. కోరకపోతే తప్పు టెలికాం కంపెనీది కాదు, పాత సొమ్ము తిరిగి రావడం కష్టం. ముందు ఆ కాగితం వెతకమనండి. దొరికిందో లేదో నాకూ రాయండి.