1972 మయామి డాల్ఫిన్స్ సీజన్‌ను మాత్రమే ‘పర్ఫెక్ట్ సీజన్’ అని ఎందుకంటారు?

అమెరికన్ ఫుట్‌బాల్‌లోని అగ్రశ్రేణి పోటీ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో లీగ్ దశ మొదలుకొని ఫైనల్ మ్యాచ్ అయిన సూపర్ బౌల్ వరకు ఆడిన ప్రతి మ్యాచ్‌లోనూ గెలిచిన జట్టు ఇప్పటికీ 1972 నాటి మయామి డాల్ఫిన్స్ ఒక్కటే. కోచ్ డాన్ షులా నాయకత్వంలో ఆ జట్టు లీగ్ దశలోని 14 మ్యాచ్‌లనూ, ఆపై ఫైనల్‌తో కలిపి మూడు నాకౌట్ మ్యాచ్‌లనూ గెలిచి 17-0తో సీజన్ ముగించింది.

పటిష్ఠమైన డిఫెన్స్‌తో పాటు, జట్టు ఏ ఒక్క ఆటగాడిపైనా పూర్తిగా ఆధారపడకపోవడం దీనికి ప్రధాన కారణం. ఉదాహరణకు, అయిదో మ్యాచ్‌లో క్వార్టర్‌బ్యాక్ (బంతిని పాస్ చేస్తూ దాడిని నడిపించే ఆటగాడు) బాబ్ గ్రీసీ కాలు విరిగినప్పుడు 38 ఏళ్ల ఎర్ల్ మోరల్ ఆ బాధ్యత తీసుకొని లీగ్ దశ ముగిసేదాకా జట్టును ఓటమి లేకుండా నడిపించాడు. ఆ వయసులో అది నిజంగా అసాధారణమైన ఆట. గ్రీసీ పిట్స్‌బర్గ్‌తో సెమీఫైనల్ వంటి కాన్ఫరెన్స్ ఫైనల్లో, రెండో అర్ధభాగంలో తిరిగి బరిలోకి దిగాడు. సూపర్ బౌల్‌లో మయామి 14-7తో వాషింగ్టన్‌ను ఓడించింది.

2007లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ కూడా ఈ ఘనత సాధించిందని చాలామంది పొరబడతారు. ఆ జట్టు లీగ్ దశలో 16 మ్యాచ్‌లూ గెలిచిన మాట నిజమే గానీ, సూపర్ బౌల్‌లో న్యూయార్క్ జెయింట్స్ చేతిలో 17-14తో ఓడి 18-1 వద్ద ఆగిపోయింది.