కంపెనీని కొన్నారట కదా, ముందు కాగితాలు దించుకో

అమ్మలూ,

"మా కంపెనీని కొనేశారు పెద్దమ్మా, కానీ ఏమీ మారదన్నారు" అని నిన్న ఫోన్‌లో అన్నావు చూడు, నవ్వాపుకోలేకపోయాను. ఆ మాట నేను రెండుసార్లు విన్నాను. రెండుసార్లూ కేకు కోసి టీషర్టులు పంచారు.

అది అబద్ధమని కాదు. మొదటి ఆర్నెల్లు మెడలో ట్యాగు రంగు, మెయిల్ ఐడీ, టైమ్‌షీటు తప్ప పెద్దగా ఏమీ మారవు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు కొత్త బాసులు రాత్రి పదింటికి కాల్స్ పెడతారు, ఆ వేడి తగ్గుతుంది. అసలు మార్పు ఆ తర్వాత. కొన్నాళ్లు మానేయకుండా ఉన్నందుకు ఇచ్చే రిటెన్షన్ బోనస్ చేతిలో పడగానే నీ పని ఎరిగిన మేనేజరు వెళ్లిపోతారు. అప్పట్నుంచి నువ్వు ఎక్సెల్ షీటులో ఒక వరుసవి. అర్ధరాత్రి లేచి సర్వర్ నిలబెట్టిన సంగతి అందులో ఉండదు.

అందుకే పాత పోర్టల్ మూసేయకముందే ఆఫర్ లెటరు, ఇంక్రిమెంట్ లెటర్లు, పే స్లిప్పులు, ఫారం-16లు (జీతంలో కోసిన పన్నుకి కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్లు), మిగిలిన సెలవుల లెక్క అన్నీ దించుకో. నీ కాగితాలే సుమా! కంపెనీ కోడు ఇంటి మెయిల్‌కి పంపావంటే నిన్ను తీసేయడానికి అదే సాకవుతుంది. నాకు రెండోసారి కొత్త పోర్టల్‌లో చేరిన తేదీ కింద కొనుగోలు పూర్తయిన రోజు పడింది. తొమ్మిదేళ్ల సర్వీసు ఒక్క గడిలో మాయం! పాత ఆఫర్ లెటరు పట్టుకుని నాలుగు నెలలు హెచ్.ఆర్. చుట్టూ తిరిగాను. ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ ఏడాది సర్వీసుకి 15 రోజుల జీతం లెక్కన వస్తుంది, పర్మనెంట్ ఉద్యోగికి మామూలుగా ఐదేళ్ల నిరంతర సర్వీసు ఉండాలి. కాబట్టి పాత సర్వీసు కొనసాగుతుందని కొత్త లెటర్లో రాశారో లేదో చూడు. రాజీనామా చేసి మళ్లీ చేరమంటే మాత్రం నాకు ఫోన్ చేయకుండా సంతకం పెట్టకు. నోటీసు పీరియడ్ పెంచారేమో, కొత్త బీమాలో మీ అమ్మానాన్నల పేర్లున్నాయో లేదో కూడా చూడు.

ఒకే పని చేసే ప్రోడక్టులు రెండు వైపులా ఉంటే చివరికి ఒకటే మిగులుతుంది. మీది ఉంటుందా పోతుందా అన్నది అందర్నీ కూర్చోబెట్టి పెట్టే టౌన్‌హాల్ మీటింగ్‌లో చెప్పరు. ఖాళీ అయిన సీట్లు ఏ టీమ్‌లో నింపుతున్నారో గమనించు.

2009లో సత్యం కంప్యూటర్స్ ఉద్యోగులు పడ్డ టెన్షన్ నాకు గుర్తుంది. జనవరి 7న లెక్కల్లో మోసం చేశానని ఒప్పుకుంటూ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడింది, ఏప్రిల్‌లో ఆ కంపెనీని కొనే బిడ్ టెక్ మహీంద్రా గెలిచింది, జూన్‌కల్లా మహీంద్రా సత్యం అని పేరు మార్చారు. ప్రాజెక్టు లేని చాలామందిని 'వర్చువల్ పూల్' అంటూ బేసిక్ జీతం, పీఎఫ్, ఆరోగ్య బీమాతో ఇంట్లో కూర్చోబెట్టారు. 2013లో ఆ కంపెనీ టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. అక్కడే ఉండి పైకొచ్చినవాళ్లు నాకు కొందరు తెలుసు. క్యాంటీన్లో 'మనవాళ్లు, వాళ్లు' అంటూ తగాదా పడలేదు, కస్టమర్‌ని వదల్లేదు. పాత బాసులు పోయినా వాళ్ల పని ఏమిటో కస్టమర్‌కి తెలుసు. నువ్వూ కొత్త కంపెనీలో ఒక్కరికైనా నీ పని తెలిసేలా చూసుకో.

వెంటనే వేరే ఉద్యోగం వెతుక్కోవాలా అని అడిగావు. రెజ్యూమే సరిచేసి పెట్టుకో, వదిలేయడానికి తొందరేమీ లేదు. బోనస్ ఇస్తామంటే, మధ్యలో మానేస్తే తిరిగి కట్టాలేమో చదువుకో.

ఆదివారం లాప్‌టాప్ తీసుకుని ఇంటికి రా. కొత్త లెటరు ఇద్దరం కూర్చుని చదువుదాం. ఫారం-16లన్నీ దించాకే భోజనం.

నీ పెద్దమ్మ