గుంటూరు నుంచి హైదరాబాద్‌కు గన్నవరం మీదుగా విమానంలో వెళ్తే సమయం కలిసివస్తుందా?

మోకాళ్ల నొప్పులున్న మీ నాన్నగారిని గుంటూరు నుంచి హైదరాబాద్‌లోని ఆసుపత్రికి తీసుకువెళ్లాలని, గన్నవరంలో విమానం ఎక్కితే ఎంత సమయం కలిసివస్తుందని అడిగారు. మా మామగారిని ఇదే పని మీద విమానంలోనూ, రైలులోనూ, కారులోనూ తీసుకువెళ్లాను కనుక చెబుతున్నాను: విజయవాడలో ఉండేవారి సంగతి ఎలా ఉన్నా, గుంటూరు వారికి కలిసివచ్చేది దాదాపు ఏమీ లేదు.

గన్నవరం నుంచి శంషాబాద్‌కు ఆకాశమార్గాన దూరం సుమారు 260 కిలోమీటర్లు. టికెట్ మీద గంట, గంటా పది నిమిషాలు అని ఉంటుంది కానీ, అది విమానం ఇక్కడ కదిలింది మొదలు అక్కడ ఆగేవరకు లెక్క. గాలిలో ఉండేది ముప్పావు గంటకు అటూ ఇటూగా మాత్రమే.

సమయమంతా నేల మీదే పోతుంది. గుంటూరు నుంచి గన్నవరం విమానాశ్రయం దాదాపు 55 కిలోమీటర్లు. వారధి దాటి, బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కి దిగేవరకు ఫరవాలేదు. రామవరప్పాడు రింగు దాటాక ఎనికేపాడు, నిడమానూరుల దగ్గర సాయంత్రం పూట ఇరుక్కుంటే మాత్రం గడియారం చూసుకోవడం తప్ప చేయగలిగింది లేదు. చెక్-ఇన్ కౌంటర్ విమానానికి గంట ముందే మూసేస్తారు కాబట్టి, ఇంటి నుంచి మూడు గంటల ముందే బయలుదేరక తప్పదు. శంషాబాద్‌లో దిగి, సామాను తీసుకుని, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా మెహదీపట్నం చేరి, అక్కడి నుంచి బంజారాహిల్స్ వైపు వెళ్లేసరికి మరో గంటన్నర అవుతుంది. మొత్తం అయిదున్నర గంటలు. సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి దారిన సుమారు 270 కిలోమీటర్లు కారులో వెళ్లినా, మధ్యలో టీకి ఆగినా, ఇంచుమించు అంతే పడుతుంది. పైగా మీ నాన్నగారు కాళ్లు చాపుకోవాలనుకున్నప్పుడు ఆపుకోవచ్చు.

ఈ మార్గంలో తరచుగా నడిచేవి ఏటీఆర్ విమానాలు, అంటే రెక్కలకు పంకాలుండే చిన్న విమానాలు. వాటికి ఏరోబ్రిడ్జి (టెర్మినల్ నుంచి నేరుగా విమానంలోకి నడిచివెళ్లే వంతెన) ఉండదు. వెనుక తలుపు దగ్గరి ఇరుకైన మెట్లు ఎక్కాలి. మెట్లు కొన్నే అయినా మా మామగారు ఒక్కో మెట్టుకూ రెండు కాళ్లూ ఆనించి ఎక్కవలసి వచ్చింది. ఒకవేళ విమానమే అనుకుంటే, టికెట్ కొనేటప్పుడే చక్రాల కుర్చీ కావాలని, మెట్లు ఎక్కలేరని కూడా స్పష్టంగా నమోదు చేయించండి.

రైళ్లలో 2023 ఏప్రిల్‌లో మొదలైన సికింద్రాబాద్–తిరుపతి వందేభారత్ నల్గొండ మీదుగా నాలుగు గంటల లోపే గుంటూరు చేరుస్తుంది. అయితే అది సికింద్రాబాద్‌లో పొద్దున్నే బయలుదేరుతుంది కాబట్టి మీకు తిరుగు ప్రయాణానికే అనుకూలం. వెళ్లేటప్పుడు అదే రైలు ఎక్కితే అర్ధరాత్రి దగ్గర పడుతుంది. అందుకే వెళ్లడానికి కారు, రావడానికి వందేభారత్ అన్నది నా సలహా.

శంషాబాద్‌లో మరో విమానం అందుకోవలసినవారికి మాత్రం గన్నవరం విమానం నిజంగా ఉపయోగం. అప్పుడు రెండు ప్రయాణాలనూ ఒకే టికెట్‌పై కొనడం మంచిది. మొదటిది ఆలస్యమైనా రెండోదాని బాధ్యత విమాన సంస్థదే అవుతుంది.