వయసు దాచని కథానాయకుడు

ప్రశ్న: మా తాతగారు మెట్లెక్కడానికే గోడ పట్టుకుంటారు, తెరమీద అదే వయసు నటుడు పదిమందిని పడగొడుతుంటే నమ్మేదెలాగండీ?
– ఒక పాఠకురాలు, పశ్చిమ మాంబళం, చెన్నై

జవాబు: నమ్మించే భారం కథదేనమ్మా. 1972లో ‘బడిపంతులు’లో ఎన్టీఆర్‌కు మనవరాలిగా నటించిన శ్రీదేవి, ఏడేళ్లు తిరిగేసరికి ‘వేటగాడు’లో ఆయన సరసన కథానాయిక అయ్యారు. అప్పటికి ఆయనకు 56 ఏళ్లు; ఆ తేడాను కథ ఎక్కడా పట్టించుకోలేదు, జనమూ పట్టించుకోలేదనుకోండి.

2023 నాటి ‘జైలర్’లో 72 ఏళ్ల రజనీకాంత్ నెరిసిన గడ్డంతో, మనవడి యూట్యూబ్ వీడియోలకు సాయపడే విశ్రాంత జైలు అధికారిగా కనిపిస్తారు. భార్యగా రమ్యకృష్ణ ఉన్నారు కాబట్టి యుగళగీతాల బెడద లేదు. ఇంట్లో సాధువులా మెలిగే పెద్దాయన గతం బయటపడటమే అక్కడ ఆకర్షణ. దెబ్బలాటల్లోనూ ఒంటి చురుకుకంటే చూపుకు, నిదానమైన నడకకు, నేపథ్య సంగీతానికి ఎక్కువ పని పెడతారు. చిక్కంతా వయసును ఒప్పుకున్న కథ కూడా చివరి అరగంటలో దాన్ని మరిచిపోవడంలోనే ఉంది. అలసిన మనిషి ఆయాసపడితే అభిమానులు చిన్నబుచ్చుకుంటారన్న భయం నిర్మాతలది. అన్నట్టు, అదే వయసు నటీమణులకు ఇలాంటి ప్రధాన పాత్రలు ఎన్ని రాస్తున్నారో మీరు అడగలేదు. నాకు మాత్రం అదే పెద్ద ప్రశ్న.