పాత మిలిటరీ జీపులో పెట్రోలు పోతోంది, మూతకు తాళం ఎలా వేయాలి?

మీది విల్లీస్ జీపు, ఆరుబయట పెడుతున్నారు, రెండు నెలల్లో మూడుసార్లు పెట్రోలు తగ్గింది, బండి అసలు రూపం చెడకుండా ఏం చేయాలి అని కదా అడిగారు. నా దగ్గర 1944 నాటి విల్లీస్ ఎంబీ ఉంది, రెండో ప్రపంచ యుద్ధం నాటి మిలిటరీ జీపు. మీ టెన్షన్ నాకు తెలుసు. కానీ తాళం కొనే ముందు ఒక పని చేయండి. బోనెట్ ఎత్తి ఇంజను ఆయిల్ చూడండి.

ఎందుకంటే మొదటిసారి నా బండిలో నిజంగానే దొంగతనం జరిగింది. పొద్దున చూస్తే ట్యాంకు మూతను కప్పే సీటు మెత్త నేల మీద పడేసి ఉంది, పక్కన చిన్న పైపు ముక్క. అంతా తాళాలు బిగించాక కొన్నాళ్లకు మళ్లీ తగ్గడం మొదలైంది. చుట్టుపక్కల అందర్నీ అనుమానించాను. తీరా చూస్తే ఆయిల్ మట్టం పై గీత దాటిపోయి ఉంది, ఆయిల్ కొలిచే పుల్ల (డిప్ స్టిక్) వాసన చూస్తే పెట్రోలు! ఫ్యుయెల్ పంపులో పెట్రోలును తోసే పల్చటి పొర (డయాఫ్రమ్) చిరిగి, పెట్రోలు ఇంజనులోకి కారుతోంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు. అలా పల్చబడ్డ ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి, పైగా నిప్పు ప్రమాదం. మీకూ అదే వాసన వస్తే బండి స్టార్ట్ చేయకండి. ముందు పంపు బాగు చేయించి, ఆయిల్ మార్పించండి.

ఈ తేడా తేల్చడానికి ఆ బండిలో పెట్రోలు చూపే గేజీని నమ్మొద్దు. ఒక సన్నటి చెక్క పుల్ల తీసుకుని, ఖాళీ ట్యాంకులో ఐదేసి లీటర్లు పోస్తూ గుర్తులు పెట్టుకోండి. ట్యాంకు మొత్తం 15 అమెరికన్ గ్యాలన్లు, అంటే సుమారు 57 లీటర్లు, కాబట్టి పెద్ద పనేం కాదు. చదునైన చోట రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి ముంచి చూడండి. నిలిపి ఉంచినప్పుడే తగ్గితే దొంగో, ట్యాంకు కారడమో. కింద తడి, వాసన ఉన్నాయేమో వెతకండి. నడిపినప్పుడే అతిగా తగ్గుతుంటే తప్పు బండిదే.

దొంగే అని తేలితే, ఇక మూత సంగతి. ఈ జీపులో మూత డ్రైవర్ సీటు కిందే ఉంటుంది. మెత్త ఎత్తితే చాలు, తలుపులు కూడా లేవు, ఇంకేం కావాలి. నేను మొదట చేసిన తెలివితక్కువ పని, కొత్త కార్లకు వాడే తాళం మూత ఒకటి సరిపోయిందని బిగించేయడం. అరగంట నడిచాక ఇంజను దగ్గి ఆగిపోయింది. కాసేపు ఆగితే మళ్లీ స్టార్ట్ అయ్యేది. కార్బురేటర్ రెండుసార్లు విప్పాను. చివరికి మూత తిప్పితే సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుంది. పెట్రోలు ఖర్చయిన కొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి. కొత్త కార్లలో దానికి వేరే దారి ఉంటుంది, మన బండికి మూతే దారి. కాబట్టి తాళం మూత కొంటే గాలి రంధ్రం ఉన్నదే కొనండి.

ఇప్పుడు నేను పాత మూతే వాడుతున్నాను. దాని మీదుగా ఒక ఇనుప పట్టీ, సీటు ఫ్రేముకు ముందే ఉన్న బోల్టులకే బిగించాను, ఒక చివర తాళం కప్ప. కొత్తగా ఒక్క రంధ్రం కూడా వేయలేదు. ప్రదర్శనకు తీసుకెళ్లేటప్పుడు రెండు నట్లు విప్పితే వచ్చేస్తుంది. కప్పకు రబ్బరు తొడిగాను, లేకపోతే దారంతా టకటకమంటుంది. ఎవరైనా ట్యాంకుకే కొక్కెం వెల్డింగ్ చేద్దామంటే ఒప్పుకోకండి. ఖాళీ ట్యాంకులో మిగిలే పెట్రోలు ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదం.

కింద డ్రెయిన్ బోల్టు సంగతి చాలామంది మర్చిపోతారు. స్పానరు ఉన్నవాడికి పైపు కూడా అక్కర్లేదు. దాని తలకు రంధ్రం చేసి తీగ మెలిపెట్టి కట్టొచ్చు. ఆ రంధ్రం కూడా బోల్టు విప్పి, ట్యాంకుకు దూరంగా తీసుకెళ్లే చేయాలి. వెనకున్న జెర్రీ క్యాన్ (అదనపు పెట్రోలు పోసుకునే ఇనుప డబ్బా) ఖాళీగానే ఉంచండి. 1940ల ముద్ర ఉన్నదైతే లోపలి పెట్రోలు కంటే క్యాన్‌కే గిరాకీ ఎక్కువ, దాన్ని ఇంట్లో పెట్టుకోండి.

అయితే మరీ కోటలా బిగించొద్దని నా అభిప్రాయం. మూత రాకపోతే ట్యాంకుకే బెజ్జం కొట్టేవాళ్లున్నారు. పోయిన పెట్రోలు మళ్లీ పోసుకోవచ్చు, పాత ట్యాంకు దొరకడం కష్టం. అందుకే బయట నిలిపిన రోజుల్లో పది లీటర్లకు మించి ఉంచను. దీనికీ ఒక చిక్కుంది. ఖాళీ భాగంలో తేమ చేరి లోపల తుప్పు పడుతుంది. నెలల తరబడి కదపనప్పుడు మాత్రం తాళం ఉన్న షెడ్డులో పెట్టి దాదాపు నింపి వదిలేస్తాను.

ముందు ఆయిల్ చూసి ఏముందో రాయండి. పట్టీ కొలతలు కావాలంటే తీసి పెడతాను.