ల్యాప్‌టాప్‌లో పాడుతుంది, పెద్దమ్మ ప్లేయర్‌లో పాడదు

చిరంజీవి శ్రావణికి,

మామయ్య ఆశీస్సులు. అమ్మమ్మ పాటల సీడీలు పంచిన దగ్గర్నుంచీ చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు నీకు ఫోన్లు చేస్తున్నారని మీ అమ్మ చెప్పింది. పెద్దమ్మ ప్లేయర్‌లో అసలు పాడటం లేదట. మీ బాబాయి కారులో చివరి పాటల దగ్గర తట్టుకుంటోందట. రెండు మేలుకొలుపుల్లో వినబడేది అమ్మమ్మ గొంతే కాదని అందరూ అంటున్నారట. కొత్త డిస్కులు తెచ్చి అన్నీ మళ్ళీ రైట్ చేస్తానన్నావు. ఆగమ్మా. కారణం తేలకుండా మళ్ళీ చేస్తే అవే తప్పులు కొత్త డిస్కుల మీదికి ఎక్కుతాయి.

ముందు అందరినీ ఒక్క మాట అడుగు: ఎక్కడ తేడా వస్తోంది? అందరి డిస్కుల్లోనూ ఒకే పాటలో, ఒకే చోట తేడా ఉంటే తప్పు నీ కంప్యూటర్‌లోని ఫైల్‌లో ఉంది. ఎన్ని డిస్కులు మార్చినా పోదు. ఒక్కొక్కరికి ఒక్కో చోట ఆగుతుంటే తప్పు బ్లాంక్ డిస్కులది, లేకపోతే డిస్కు మీద పాటలు రాసే యంత్రం, అంటే రైటర్‌ది. ఒకే ఇంట్లో పాడకపోతే ఆ డిస్కును పక్కింటి ప్లేయర్‌లో వేసి చూడమను. అక్కడ పాడిందా, ఆ ఇంటి ప్లేయర్ సంగతి చూడాలి. కొట్టు నడిపిన రోజుల్లో నేను డిస్కు చేతిలోకి తీసుకోకముందే ఈ ప్రశ్నలు అడిగేవాణ్ణి. చాలాసార్లు జవాబు అక్కడే దొరికేది.

పెద్దమ్మ సంగతి చూద్దాం. ఆవిడ డిస్కును నీ ల్యాప్‌టాప్‌లో పెట్టి ఫోల్డర్ తెరువు. లోపల పాటల పేర్లతో ఎంపీత్రీ ఫైళ్ళు కనిపిస్తే నువ్వు తయారుచేసింది ఆడియో సీడీ కాదు, డేటా సీడీ. అసలైన ఆడియో సీడీ అయితే ట్రాక్01, ట్రాక్02 అంటూ సీడీఏ అనే తోకతో, ఒక్కోటి 44 బైట్లే ఉన్న బుల్లి ఫైళ్ళు కనిపిస్తాయి. అవి పాటలు కావు, పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే గుర్తులు. నిడివి చూసినా తెలిసిపోతుంది. ఆడియో సీడీలో 80 నిమిషాలకు మించి పట్టదు. నీ డిస్కులో ఐదారు గంటల పాటలు పట్టాయంటే అది డేటా సీడీయే.

పాత ప్లేయర్‌కు ఎంపీత్రీ అంటే ఏమిటో తెలియదు. 1980లో ఫిలిప్స్, సోనీ కలిసి రాసుకున్న కొలత ఒక్కటే దానికి తెలుసు: సెకనుకు 44,100 నమూనాలు, అంటే శబ్దాన్ని అన్నిసార్లు కొలిచిన అంకెలు; ఒక్కో అంకెకు 16 బిట్లు; రెండు ఛానళ్ళు. ల్యాప్‌టాప్ మాత్రం ఏది పెట్టినా పాడేస్తుంది. అందుకే ల్యాప్‌టాప్‌లో పాడింది కదా అని డిస్కు పాసైనట్టు లెక్కవేయకు. మన చుట్టాల్లో అన్నిటికంటే పాత ప్లేయర్ ఎవరింట్లో ఉందో అక్కడ పాడితేనే పాసు.

నువ్వు ఎక్కడ జారావో కూడా ఊహించగలను. బ్లాంక్ డిస్కు పెట్టగానే విండోస్ ఒక ప్రశ్న అడుగుతుంది: యూఎస్‌బీ డ్రైవ్‌లా వాడతావా, సీడీ ప్లేయర్‌లో పెట్టేలా వాడతావా అని. రెండోది నొక్కితే చాలనుకుంటారు అందరూ. అది నొక్కి ఫైళ్ళు కాపీ చేసినా వచ్చేది డేటా డిస్కే. ఆ కిటికీ మూసేసి విండోస్ మీడియా ప్లేయర్ పాతది తెరువు. బర్న్ ట్యాబ్‌లో ఆడియో సీడీ ఎంచుకుని పాటలు అందులోకి లాగు. నువ్వు వేరే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే అందులో ఫైనలైజ్ చేసే, అంటే డిస్కుకు ముగింపు రాసే గడి దగ్గర టిక్కు ఉందో లేదో చూడు. ముగింపు రాయని డిస్కును మామూలు ప్లేయర్ ఖాళీ డిస్కు అనుకుంటుంది.

డిస్కు మీద ఆర్‌డబ్ల్యూ అని ఉంటే పెద్దమ్మకు ఇవ్వకు. కంపెనీలో అచ్చయి వచ్చిన సీడీ లేజర్ వెలుతురులో కనీసం 70 శాతం వెనక్కి పంపుతుంది. చెరిపి రాసుకునే డిస్కు పావు వంతు పంపితే ఎక్కువ. పాత లెన్స్‌కు ఆ వెలుతురు చాలదు. డీవీడీ మీద అయితే ఆడియో సీడీ తయారే కాదు, కవరు ఒకసారి చదువుకో.

ఇక మేలుకొలుపులు. అందరూ ఒకే మాట అంటున్నారంటే తప్పు ఫైల్‌లోనే. ఆ రెండూ సంక్రాంతికి వీడియో తీసినప్పుడు రికార్డు చేసినవి కదా? వీడియోల శబ్దం సాధారణంగా సెకనుకు 48,000 నమూనాల లెక్కన రికార్డవుతుంది. దాన్ని సరిగ్గా మార్చకుండా 44,100 అని పేరు మాత్రం తగిలిస్తే పాట నెమ్మదిస్తుంది, శ్రుతి దిగుతుంది. అమ్మమ్మ పాడేది ఐదు శ్రుతిలో. అలా చేస్తే అది నాలుగుకీ నాలుగున్నరకీ మధ్య ఎక్కడో, హార్మోనియంలో మెట్టే లేని చోట పడుతుంది. గొంతు ఆవిడది కాదనిపించడంలో వింత లేదు. గడియారం పెట్టి చూసినా దొరికిపోతుంది: ఐదు నిమిషాల పాట డిస్కు మీద సుమారు ఐదు నిమిషాల 26 సెకన్లు వస్తుంది. అసలు రికార్డింగ్‌ను మళ్ళీ ఆడాసిటీ అనే పాటలు సవరించే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ప్రాజెక్టు రేటు 44,100 పెట్టి, 16 బిట్ల స్టీరియో వేవ్‌గా, అంటే శబ్దాన్ని నలపని ఫైల్‌గా, ఎగుమతి చెయ్యి. అన్ని పాటలకూ ఇదే చెయ్యి, రైట్ చేసే సాఫ్ట్‌వేరే మార్చుకుంటుందిలే అని వదిలేయకు. మోనోగా రికార్డయిన పాటలను కూడా స్టీరియో చేస్తేనే రెండు స్పీకర్లలోనూ సమానంగా వస్తాయి.

ఫైళ్ళను మీ తమ్ముడి దగ్గర్నుంచి వాట్సాప్‌లో తెప్పించుకుంటే డాక్యుమెంట్‌గా పంపమను. వాయిస్ మెసేజ్‌గా పంపితే బాగా నలిగిపోయి వస్తుంది. తర్వాత దాన్ని వేవ్ చేసినా పోయింది తిరిగి రాదు.

పాటకూ పాటకూ మధ్య రెండు సెకన్ల నిశ్శబ్దం వస్తోందన్నావు. విడివిడి పాటలకు అది మంచిదే. పెళ్ళిపాటల వరస మాత్రం ఆగకుండా సాగాలి కనుక, మీడియా ప్లేయర్ బర్న్ ఆప్షన్లలో ఖాళీలు లేకుండా రైట్ చేసే గడి ఒకటుంటుంది, అక్కడ టిక్కు పెట్టు. వేరే సాఫ్ట్‌వేర్లలో దీన్నే డిస్క్ ఎట్ వన్స్ అంటారు. ఆ తర్వాత కూడా అతుకుల దగ్గర టిక్కుమని చిన్న చప్పుడు వస్తే, నువ్వు కత్తిరించిన చోటు సరిపడలేదన్నమాట. సీడీ సెకనును 75 ముక్కలుగా చూస్తుంది. నువ్వు ముక్క మధ్యలో కోస్తే మిగిలిన చోటును సాఫ్ట్‌వేర్ నిశ్శబ్దంతో నింపుతుంది, చప్పుడు దానిదే. ఆడాసిటీలో కింద సమయం చూపే చోట సీడీడీఏ ఫ్రేములు, అంటే ఆ 75 ముక్కల లెక్క, ఎంచుకుని, గీత వాటికి అతుక్కునేలా స్నాప్ పెట్టుకుని కొయ్యి.

మీ బాబాయి కారు ఫిర్యాదే నాకు ఎక్కువగా వచ్చిన రకం. సీడీ గ్రామఫోన్ రికార్డులా బయటి నుంచి మొదలవదు. లోపలి నుంచి మొదలై అంచు దగ్గర ముగుస్తుంది. నాసి డిస్కుకు అంచే ముందు చెడుతుంది, వేలిముద్రలు పడేదీ అక్కడే. అందుకే చివరి పాటల దగ్గర తట్టుకుంటుంది. 80 నిమిషాలూ కిక్కిరిసేలా నింపకు, 70 దాటకుండా చూసుకో. పాత సీ-90 క్యాసెట్లు ఎక్కించేటప్పుడు ఒక్కో వైపు 45 నిమిషాలు కనుక, వైపుకో డిస్కు చెయ్యి. రెండు వైపులూ ఒకదానిలో ఇరికించాలని చూడకు.

వేగం గురించి తలా ఒకటి చెబుతారు. అతి నెమ్మదిగా రైట్ చేస్తే అతి మంచిదన్నది పాత మాట. ఈ కాలపు డిస్కుల మీది రంగుపూత వేగంగా రాయడానికే చేసింది. 16 రెట్ల వేగం నాకు ఎప్పుడూ బాగానే పనిచేసింది. మీడియా ప్లేయర్‌లో అంకెలు ఉండవు, మీడియం పెట్టుకో. డిస్కుల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. ఒకప్పుడు ఏ కొట్టుకు వెళ్ళినా మోజర్‌బేర్ దొరికేది. ఆ కంపెనీ 2018లో మూసివేతకు వెళ్ళింది. పేరూ ఊరూ లేని కట్టలు తేకుండా, తెలిసిన బ్రాండు కొని, ముందు రెండే రైట్ చేసి, కారులో చివరి పాట చివరి నిమిషం వినిపించుకుని అప్పుడు మిగతావి చెయ్యి.

రైట్ అవుతూ అవుతూ పవర్ క్యాలిబ్రేషన్, అంటే లేజర్ బలం సరిచూసుకోవడం కుదరలేదని తప్పు చూపిస్తే ముందు వేరే రకం డిస్కు పెట్టి చూడు. నీది యూఎస్‌బీతో నడిచే సన్నటి రైటర్ కనుక హబ్‌కు తగిలించకు, నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టు. కరెంటు చాలక కూడా డిస్కులు పాడవుతాయి. అయినా అదే తప్పు వస్తే రైటర్ లేజర్ అరిగిందనుకో, ఇంకో డిస్కు పారేయకుండా పొరుగువారి రైటర్ అడుగు.

డిస్కు మీద అమ్మమ్మ ఫోటో స్టిక్కర్ అంటించాలని నీకు సరదాగా ఉందని తెలుసు. వద్దు. కాగితం కాస్త పక్కకు పడితే తిరిగేటప్పుడు ఊగుతుంది, కారు ప్లేయర్‌లో ఊడితే డిస్కు బయటికే రాదు. ఫోటో కవరులో పెట్టు. రాసేది సీడీ మార్కర్‌తోనే రాయి, బాల్‌పెన్ ముట్టుకోకు. గీతలు పడకూడదని అందరూ కింది వైపు జాగ్రత్త పడతారు కానీ నాజూకైంది పై వైపే. వెండిపూత మీద పలచటి లక్క పొర ఒక్కటే ఉంటుంది. దుమ్ము తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవాలని, ఎండ పడే చోట పెట్టొద్దని కవరు మీద రాసివ్వు. పాటల పేర్లు ప్లేయర్ తెర మీద తెలుగులో రావాలనుకుంటే కుదరదు. సీడీ టెక్స్ట్‌కు మన లిపి తెలియదు, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టు.

ఒక మనవి కూడా. పాటల్లో ఫ్యాను చప్పుడు తీసేస్తానని నాయిస్ రిడక్షన్ గట్టిగా వాడినట్టున్నావు, కొన్ని చోట్ల గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టుంది. సగానికి తగ్గించు. ఫ్యాను ఉంటే ఉండనీ, ఆ గాజుల చప్పుడు కూడా ఉండనీ.

వేవ్ ఫైళ్ళు మాత్రం ఒక హార్డ్ డిస్కులోనూ, మీ అమ్మ దగ్గర ఒక పెన్‌డ్రైవ్‌లోనూ ఉంచు. కొత్త కార్లున్న వాళ్ళకు డిస్కు ఎందుకు, పెన్‌డ్రైవ్ ఇచ్చేయి. పెద్దమ్మకు కొత్త డిస్కు పంపినా పాడకపోతే ఆవిడ ప్లేయర్ లెన్స్ తుడవాలి. ఆవిణ్ణి విప్పనివ్వకు, ఆదివారం నేను వెళ్ళి చూస్తాను.

మీ మామయ్య