లేఆఫ్‌ల కాలంలో డబ్బు లక్ష్యాలు: ముందు నెలలు కొనుక్కోండి

ప్రశ్న: "ఎంఎస్ అయ్యాక డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉద్యోగం వచ్చింది. ఓపీటీ (చదువయ్యాక పనిచేయడానికిచ్చే తాత్కాలిక అనుమతి) మీద చేసి, ఈ మధ్యే హెచ్-1బీ ఉద్యోగ వీసాకి మారాను. ఊళ్లో ఇల్లు తాకట్టు పెట్టి నాన్న తీసిన చదువు అప్పు 40 లక్షలు ఉంది. వచ్చే ఏడాదో ఆపై ఏడాదో చెల్లి పెళ్లి. శంకరపల్లి వైపు ప్లాట్ తీసుకోమని బావ అంటున్నాడు, షేర్లలో పెట్టమని రూమ్మేట్ అంటున్నాడు. మా టీమ్‌లో ఇప్పటికే ఇద్దరిని తీసేశారు. ఇలాంటి టైములో లక్ష్యాలు పెట్టుకోవడంలో అర్థం ఉందా? ఉంటే దేంతో మొదలుపెట్టాలి?"

అర్థం ఉంది. ఇలాంటి టైములోనే ఎక్కువ ఉంది. కాకపోతే ఐదేళ్లలో ఇంత కూడబెట్టాలి, 35 ఏళ్లకల్లా ఇల్లు కొనాలి లాంటి లెక్కలు ఇక్కడి పౌరులకి కుదిరినట్టు మనకి కుదరవు. రేపు జీతం ఆగిపోతే ఎవరి ముందూ చెయ్యి చాపకుండా ఎన్ని నెలలు నిలబడగలరు? మీ మొదటి లక్ష్యం ఆ అంకె. దాన్ని ఆరుకి చేర్చేదాకా ప్లాటు, షేర్లు, పెద్ద కారు అన్నీ ఆగాల్సిందే.

ఎందుకంటే ఉద్యోగం పోతే ఇక్కడివాళ్లకి పోయేది జీతం. మనకి జీతంతో పాటు ఇక్కడ ఉండే హక్కుకే గడువు పడుతుంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) గడువు అంతకంటే ముందే ఉంటే అప్పటిదాకానే. ఈ 60 రోజులు కూడా 2017 జనవరి నుంచే వచ్చాయి. 2008లో లెమన్ బ్రదర్స్ కూలినప్పుడు నేను న్యూజెర్సీలో ఉన్నాను. అప్పుడు నిబంధనల్లో ఇలాంటి గడువే లేదు, ఉద్యోగం పోయిన రోజు నుంచే మన స్టేటస్ ప్రశ్నార్థకం. ఎడిసన్‌లో మా అపార్ట్‌మెంట్ల దగ్గర టీవీలు, సోఫాలు అయినకాడికి అమ్ముకుని వెళ్లిపోయిన కుటుంబాలు నాకింకా గుర్తే. ఆ తర్వాత 2020 ఏప్రిల్ చూశాం, అమెరికాలో నిరుద్యోగం 14.7 శాతానికి వెళ్లింది. 2022 చివర్లో, 2023లో పెద్ద పెద్ద టెక్ కంపెనీలే వేల మందిని తీసేశాయి. కాబట్టి ఈ అనిశ్చితి ఎప్పుడు పోతుందా అని ఎదురు చూడకండి. ఇది ఉంటుందనుకునే ప్లాన్ వేసుకోండి.

60 రోజులంటే కాగితం మీద రెండు నెలలు. చేతిలోకి వచ్చేది అంతకంటే తక్కువ. ఆ గడువులో ఆఫర్ లెటర్ వస్తే చాలదు, కొత్త కంపెనీ మీ హెచ్-1బీ పిటిషన్ ఫైల్ చేసి ఉండాలి. దానికి ముందు లేబర్ శాఖ దగ్గర ఎల్‌సీఏ (జీతం, పని షరతుల మీద కంపెనీ పెట్టే దరఖాస్తు) సర్టిఫై కావాలి, ఒక్క దానికే ఏడు పనిదినాలు పడుతుంది. ఆపైన లాయర్ కాగితాలు, సంతకాలు. అందుకే నలభయ్యో రోజుకల్లా ఆఫర్ చేతిలో లేకపోతే కష్టమనే లెక్కలో ఉండండి. కంపెనీ సెవరెన్స్ (తీసేసేటప్పుడు ఇచ్చే పరిహారం) ఇచ్చిందంటే గడువు కూడా పెరిగిందని చాలామంది అనుకుంటారు, పెరగదు. మామూలుగా ఉద్యోగంలో చివరి రోజు అయిన మర్నాటి నుంచే లెక్క మొదలవుతుంది. గడువులోగా బీ-2 విజిటర్‌ స్టేటస్‌కి మారడానికి దరఖాస్తు పెడితే అది తేలేదాకా ఇక్కడ ఉండొచ్చు, పని మాత్రం చేయకూడదు. ఇలాంటి అడుగు వేసేముందు సొంతంగా ఓ ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, ఆ ఫీజు దండగ అనుకోకండి.

ఒకప్పుడు "ఏముంది, ఇండియా వెళ్లి కొత్త కంపెనీతో మళ్లీ వద్దాం" అనుకునేవాళ్లం. 2025 సెప్టెంబరులో వచ్చిన ఉత్తర్వుతో, అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్-1బీ పిటిషన్లకి లక్ష డాలర్ల రుసుము పెట్టారు. ఈ నిబంధనలు కోర్టుల్లో, ప్రభుత్వాల్లో మారుతూ ఉంటాయి. అయినా దేశం దాటడమనేది ఇప్పుడు తొందరపడి తీసుకునే నిర్ణయం కాదు. తొందరపడకుండా ఉండాలంటే చేతిలో డబ్బుండాలి.

ఇప్పుడు ఆ అంకె ఎలా వేయాలో చూద్దాం. ఉదాహరణకి షేరింగ్ అపార్ట్‌మెంట్‌లో అద్దె 900 డాలర్లు, తిండికి 350, కారు ఇన్సూరెన్స్, పెట్రోలు, ఫోనూ కలిపి 400. ఇవి అందరూ రాసుకుంటారు. రాయడం మరిచేవి రెండు. ఒకటి హెల్త్ ఇన్సూరెన్స్: ఉద్యోగం పోయాక అదే ప్లాన్‌ని కోబ్రా అనే చట్టం కింద కొనసాగించుకోవచ్చు గానీ కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టాలి, నెలకి 700 అనుకోండి. (చేరడానికి 60 రోజుల గడువు ఉంటుంది, ఆ మధ్యలో ఆసుపత్రి అవసరం వస్తే వెనకటి తేదీ నుంచి ప్రీమియం కట్టి తీసుకోవచ్చు. ఈ సంగతి తెలియక మొదటి వారమే కంగారుగా కట్టేసేవాళ్లున్నారు.) రెండోది ఇండియాలో ఈఎంఐ. 40 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే నెలకి సుమారు 55 వేల రూపాయలు, డాలర్ 90 రూపాయల లెక్కన 610 డాలర్లు. అన్నీ కలిపితే నెలకి 3,000 దగ్గర. ఆరు నెలలకి 18,000. లీజు మధ్యలో వదిలేస్తే పడే పెనాల్టీకి, లాయర్‌కి, టికెట్‌కి ఇంకో 3,000. మీ లక్ష్యం 21,000 డాలర్లు. కంపెనీయే గడువుకి ముందు తీసేస్తే ఇండియాకి తిరుగు ప్రయాణ ఖర్చు వాళ్లే భరించాలని చట్టం ఉంది. అడిగి తీసుకోండి, మొహమాటం వద్దు. నిరుద్యోగ భృతి వస్తుందని మాత్రం లెక్కలో వేసుకోకండి.

వీసా ఇచ్చేది రెండు నెలలైతే ఆరు నెలలెందుకు అంటారేమో. ఈ డబ్బు రెండు దేశాల్లోనూ పనికొస్తుంది. ఇంటికి వెళ్లాల్సి వచ్చినా హైదరాబాద్‌లో ఉద్యోగం దొరకడానికి మూడు నాలుగు నెలలు పట్టొచ్చు, ఈఎంఐ ఆగదు. పదివేల డాలర్లు మిగిలి ఉన్నా తొమ్మిది లక్షలు, అంటే పదహారు ఈఎంఐలు. అన్ని నెలలు మీ నాన్నకి బ్యాంకు నుంచి ఫోన్ రాదు.

ఈ డబ్బు ఎక్కువ వడ్డీ ఇచ్చే సేవింగ్స్ అకౌంట్‌లో ఉంచండి. ఎఫ్‌డీఐసీ (అమెరికా ప్రభుత్వ డిపాజిట్ బీమా) ఉన్న చోట ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి 2,50,000 డాలర్ల వరకు రక్షణ ఉంటుంది. మీ రూమ్మేట్ చెప్పే షేర్లలో దీన్ని పెట్టకండి. కంపెనీలు జనాన్ని తీసేసే రోజుల్లోనే షేర్లు కూడా పడటం మామూలు, మీకు డబ్బు కావలసిన రోజునే అది సగమై కనపడితే దిక్కు తోచదు. అదే కారణంతో, మీ కంపెనీ ఇచ్చిన షేర్లని అట్టే పెట్టుకోవద్దు. జీతమూ అక్కడే, పొదుపూ అక్కడే వద్దు.

అప్పు సంగతికొద్దాం. నాకు బాగా పట్టింపు ఉన్న విషయం ఇది. కొత్తగా వచ్చినవాళ్లలో రెండు రకాల వాళ్లని చూస్తున్నాను. ఒకరు తిండి తగ్గించుకుని మరీ ప్రతి డాలరూ అప్పుకే పంపేస్తారు, చేతిలో రెండు వేలు ఉండవు. ఇంకొకరు "రూపాయి పడుతోంది కదా, అప్పు దానంతటదే తేలికవుతుంది" అని వదిలేస్తారు. రూపాయి పడుతున్న మాట నిజమే: 2010లో డాలర్ 45 రూపాయల దగ్గర ఉండేది, 2025 డిసెంబరులో 90 దాటింది. జీతం డాలర్లలో ఉన్నంత కాలం అప్పు మీకు తేలికే. కానీ ఉద్యోగం పోయి వెనక్కి వెళ్తే, అదే 40 లక్షలు హైదరాబాద్ జీతంతో తీర్చాలి. మీరు వేసుకోవలసింది ఆ రోజు లెక్క.

అందుకే వరుస ఇలా పెట్టుకోమంటాను. ఈఎంఐ ఒక్కటి కూడా తప్పకుండా కట్టండి, మారటోరియంలో (ఈఎంఐ ఇంకా మొదలుకాని కాలంలో) ఉంటే కనీసం వడ్డీ కట్టండి. 40 లక్షలకి నెల వడ్డీయే 36 వేలు దాటుతుంది, వదిలేస్తే అసలులో కలుస్తుంది. ఆరు నెలల డబ్బు కూడేదాకా అదనంగా పంపొద్దు. కూడాక మాత్రం మిగిలినదంతా అసలు మీదికి కొట్టండి. వడ్డీ ఫ్లోటింగ్ రేటైతే ముందే తీర్చినందుకు వ్యక్తుల దగ్గర బ్యాంకులు ఛార్జీ వసూలు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఇల్లు తాకట్టు విడిపించడాన్ని ఓ తేదీతో సహా రాసుకోండి. మీ లక్ష్యాలన్నిట్లో తల్లిదండ్రుల నిద్రతో ముడిపడింది ఇదొక్కటే. ఆ అప్పు తీరిన రోజు మీరు ఏ దేశంలో ఉన్నా పర్లేదు.

డబ్బు పంపేటప్పుడు బ్యాంకు అకౌంట్ నుంచే పంపండి. 2026 జనవరి నుంచి నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్కులతో పంపితే ఒక శాతం పన్ను పడుతోంది, అమెరికా బ్యాంకు ఖాతా నుంచి పంపితే పడదు.

ఇక ప్లాటు. మీ బావ మంచి ఉద్దేశంతోనే చెప్తుండొచ్చు. నా మాట మాత్రం వద్దనే. 40 లక్షల అప్పు మీద ఇంకో అప్పు చేసి కొన్న భూమి, మీకు డబ్బు అవసరమైన 60 రోజుల్లో అమ్ముడుపోదు. అందులోనూ ఒక జాగ్రత్త ఉంది. హైదరాబాద్ చుట్టూ ఫామ్ ప్లాట్లు, ఫామ్ ల్యాండ్ అని ఎన్నారైలకి వీకెండ్ జూమ్ మీటింగుల్లో అమ్ముతున్నారు. రికార్డుల్లో అది వ్యవసాయ భూమే అయితే, ఫెమా అనే విదేశీ మారక చట్టం ప్రకారం ఎన్నారైలు వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్‌లు కొనకూడదు. వారసత్వంగా వస్తే వేరే సంగతి. గుంటల లెక్కన రిజిస్ట్రేషన్ చేసి "అందరూ కొంటున్నారు" అంటే నమ్మి దిగకండి. ప్రీ-లాంచ్ పేరుతో రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా అడ్వాన్స్ అడిగేవాళ్లకీ ఇదే సమాధానం. అప్పు తీరాక కొనాలనిపిస్తే, హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ అనుమతి, రెరా రిజిస్ట్రేషన్ ఉన్న ఇళ్ల స్థలం చూసుకోండి.

రిటైర్మెంట్ గురించి ఇప్పుడే ఎక్కువ ఆలోచించక్కర్లేదు. కంపెనీ ద్వారా నడిచే రిటైర్మెంట్ ఖాతా 401(కె)లో, కంపెనీ ఎంత మ్యాచ్ చేస్తే (తన వాటాగా కలిపితే) అంతవరకు మాత్రం పెట్టండి, ఉద్యోగం పోయినా మీరు పెట్టింది మీదే. కంపెనీ వాటాకి వెస్టింగ్ గడువు (అది మీదయ్యేదాకా పనిచేయాల్సిన కాలం) ఉందేమో చూసుకోండి. మీ ఆదాయానికి కుదిరితే రాత్ ఐఆర్ఏ (సొంతంగా తెరిచే రిటైర్మెంట్ ఖాతా) మంచిది, అందులో మీరు వేసిన అసలు ఎప్పుడైనా పన్ను, పెనాల్టీ లేకుండా తీసుకోవచ్చు. ఇండియాలో మ్యూచువల్ ఫండ్ సిప్‌లు మొదలుపెట్టమని ఎవరైనా అంటే ఆగండి. పన్ను లెక్కల్లో మీరు అమెరికా రెసిడెంట్ అయ్యాక వాటిని పీఎఫ్‌ఐసీ (ఒక రకం విదేశీ పెట్టుబడి సంస్థ) అంటారు, పన్నూ కాగితాలూ రెండూ తలనొప్పే. అలాగే ఇండియాలో మీ పేరున్న ఖాతాలన్నీ, నాన్నతో జాయింటుగా ఉన్న ఎఫ్‌డీతో సహా కలిపి, ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాల ఫారం) ఫైల్ చేయాలి. అది పన్ను కాదు, సమాచారం ఇవ్వడమే. ఇవ్వకపోతే మాత్రం జరిమానాలు పెద్దవి.

మీరు అడగని లక్ష్యం ఒకటి నేను చేరుస్తాను: అమ్మానాన్నలకి ఇండియాలో హెల్త్ పాలసీ. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్‌టీ తీసేశారు. ముందునుంచీ ఉన్న జబ్బులకి గరిష్ఠంగా మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు, అందుకే వాళ్లు ఆరోగ్యంగా ఉన్నప్పుడే తీసుకోవాలి. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి. ఒక్క గుండె ఆపరేషన్ ఆరు నెలల డబ్బునంతా తీసుకెళ్లిపోతుంది.

చెల్లి పెళ్లి విషయంలో నాన్నతో సూటిగా మాట్లాడాలి. 2023లో లేఆఫ్ అయిన పిల్లల్లో ఇంట్లో చెప్పుకోలేక, క్రెడిట్ కార్డు మీద 20 శాతం పైన వడ్డీకి వాడి, నెలనెలా మామూలుగానే డబ్బు పంపినవాళ్లున్నారు. ఆ భారం ఎవరికీ వద్దు. "నా ఉద్యోగం ఉంటే పెళ్లికి ఇంత ఇవ్వగలను, మధ్యలో పోతే ఇంతవరకే" అని రెండు అంకెలు ముందే చెప్పండి. పొలం అమ్మి చదివించిన తండ్రులకి అంకెలు అర్థమవుతాయి, చెప్పకపోవడమే వాళ్లని బాధపెడుతుంది. పెళ్లి డబ్బు వేరే అకౌంట్‌లో నెలనెలా వేయండి, ఆరు నెలల డబ్బుతో కలపకండి.

కన్సల్టెన్సీలో ఉన్నవాళ్లకి ఒక మాట. ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నా హెచ్-1బీ వాళ్లకి జీతం ఇవ్వాల్సిందే. "పేరోల్ మీరే నడుపుకోండి" (మీ జీతం డబ్బు మీరే కట్టుకోండి) అనే చోట ఉన్నారంటే ఆ ఉద్యోగం మారడమే మీ మొదటి లక్ష్యం, ఎందుకంటే పేస్లిప్‌లు లేని నెలలు తర్వాత వేరే కంపెనీకి హెచ్-1బీ మార్చుకునేటప్పుడు అడ్డొస్తాయి.

ఈ వారమే చేయాల్సిన పని ఇంకొకటుంది. లేఆఫ్ రోజున పొద్దున్న లాగిన్ పనిచేయదు, అంతే, పేరోల్ సైట్‌లోకి కూడా వెళ్లలేకపోవచ్చు. ఇప్పుడే మీ పేస్లిప్‌లు, డబ్ల్యూ-2లు (ఏటా ఇచ్చే జీతం, పన్ను పత్రాలు), ఐ-797 (హెచ్-1బీ ఆమోద పత్రం), ఉద్యోగ ఆఫర్ లెటర్, 401(కె) స్టేట్‌మెంట్ సొంత ఈమెయిల్‌లో దాచుకోండి. 401(కె) ఖాతాకి, బ్యాంకు ఖాతాకి నామినీగా అమ్మ పేరో నాన్న పేరో రాయండి, ఖాతాల జాబితా ఒకటి వాళ్లకి పంపండి.